గ్లవ్ బాక్స్ కింద మూడు స్క్రూలు

కారు హీటరు మొదట్లో కారు కంపెనీ ఇచ్చింది కాదు. కారున్నవాళ్లు బజారులో విడిగా కొని, షెడ్డులో తామే బిగించుకున్నారు. ఈ చరిత్ర తెలిస్తే, చలికాలం పొద్దున డాష్‌బోర్డు లోపల కీచుమనే ఫ్యాన్‌ని ఇంట్లో విప్పాలంటే ఉండే బెరుకు సగం పోతుందని నా నమ్మకం.

నాది తెనాలి. మిన్నెసోటాలో స్థిరపడ్డాను. ఇక్కడికి కొత్తగా వచ్చే మన పిల్లలు ముందు ఒక పాత కారు కొంటారు. జనవరి రాగానే ఫోన్ చేస్తారు: "అంకుల్, హీటర్ ఆన్ చేస్తే ఒకటే కీచుమంటోంది, కాసేపటికి అదే తగ్గిపోతోంది. షాపుకి తీసుకెళ్లాలా?" తీసుకెళ్లొద్దు, ఉండు, నేనొస్తున్నా అంటాను. ఆ శబ్దం ఎక్కణ్ణించి వస్తుందో చెప్పాలంటే నాకు వందేళ్లు వెనక్కి వెళ్లాలనిపిస్తుంది.

తొలినాటి కార్లకు పైకప్పు సరిగా లేదు, పక్కన అద్దాలు లేవు. చలికి గుర్రపు బళ్ల నాటి ఉపాయాలే దిక్కు: ఒళ్లో మందపాటి కంబళి, కాళ్ల కింద నిప్పుల పెట్టె. ఆ పెట్టెల్లో క్లార్క్ హీటర్ అనే రకం బాగా అమ్ముడయ్యేది. రేకు పెట్టెకు తివాచీ గుడ్డ చుట్టి ఉంటుంది, లోపల సొరుగులో కణకణలాడే బొగ్గు ఇటుక పెట్టాలి. గాలి నలువైపులా దూరే బండిలో అంతకు మించి ఎవరైనా ఏం చేయగలరు? వేడి నిలవాలంటే ముందు తలుపులూ కప్పూ ఉండాలి. 1919లో అమెరికాలో అమ్మిన కార్లలో మూసి ఉన్నవి పదింట ఒకటి. 1927 నాటికి అవి నూటికి 85 అయ్యాయి. ఆ ఎనిమిదేళ్లలోనే హీటరుకు చోటు ఏర్పడింది.

మొదట అందరి కన్నూ పొగగొట్టం మీద పడింది. ఫోర్డ్ మోడల్ ఏ కారుకి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద రేకు తొడుగు వేసి, దాని చుట్టూ వేడెక్కిన గాలిని కాళ్ల దగ్గరకు వదిలేవారు. చవకే, కానీ ఎక్కడైనా చిన్న పగులు వస్తే ఆ గాలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చేది. దానికి వాసన ఉండదు. మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

నీళ్ల హీటరు ఆ భయాన్ని తీసేసింది. ఇంజనులో కాలే పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు చల్లబరిచే నీళ్లలోకే పోతుంది. ఆ నీళ్లను రెండు రబ్బరు గొట్టాలతో లోపలికి తెచ్చి, బుల్లి రేడియేటర్‌లో తిప్పి, వెనక ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టారు. 1930ల్లో ఇది పెద్ద వ్యాపారం. ఇండియానాలో ఆర్విన్, మా మినియాపొలిస్‌లో ట్రాపిక్-ఎయిర్ లాంటి కంపెనీలు వీటిని గుండ్రటి డబ్బాల్లా చేసి అమ్మాయి. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య గోడకి కన్నాలు వేసి డబ్బాని ముందు సీటు కాళ్ల దగ్గర బిగించడమే పని. ఫ్యాను కళ్లెదుటే తిరిగేది. అరిస్తే వంగి ఓ చుక్క నూనె వేస్తే సరిపోయేది. ఏళ్ల తరబడి తన హీటర్‌కి తనే మెకానిక్‌గా ఉన్నాడు కారు యజమాని. ఈ సంగతి కార్ల చరిత్రలో ఒక పక్కకి నెట్టేయాల్సింది కాదని నేననుకుంటాను.

1938లో విస్కాన్సిన్‌లోని నాష్ కంపెనీ ఈ డబ్బాని కారు ఒంట్లో కలిపేసింది. బయటి గాలిని అద్దం కింద నుంచి లాగి, వడకట్టి, వేడి చేసి లోపలికి నెట్టే ఏర్పాటది. లోపల గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండడంతో తలుపు సందుల్లోంచి చలి దూరేది కాదు. మరుసటి ఏడు థర్మోస్టాట్ కూడా కలిపి దానికి వెదర్ ఐ అని పేరు పెట్టారు. ఇది గొప్ప పని, సందేహం లేదు. ఇవాళ్టి కార్ల హీటర్లకి మూలం అదే. కానీ ఆ దారిలోనే ఫ్యాను కంటికి కనపడకుండా పోయింది. 1968 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారూ ముందు అద్దం మీది మంచుని కరిగించి తీరాలన్న నియమం వచ్చింది. అప్పటిదాకా చాలా కార్లలో హీటరుకి అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చేది. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ చవక రకంలో కూడా అంతే.

గాలి గొట్టాల వెంట మలుపులు తిరిగి పోవాలంటే టేబుల్ ఫ్యాను రెక్కలు చాలవు, ఒత్తిడి కావాలి. అందుకే కార్లలోకి పంజరం ఫ్యాను వచ్చింది: డబ్బా చుట్టూ నిలువుగా, ముందుకు వంగిన సన్నని రెక్కలు. దీని పుట్టుకలో మన దేశం ఉంది. బెల్‌ఫాస్ట్ ప్రాంతం కుర్రవాడు శామ్యూల్ క్లీలండ్ డేవిడ్‌సన్ 1864లో అస్సాంలోని కచార్‌కి తేయాకు తోట పనికి వచ్చాడు. బొగ్గు పొయ్యిల మీద ఆకు ఆరబెట్టడం చూసి, వేడిగాలితో ఆరబెట్టే యంత్రాలు చేశాడు. తిరిగి వెళ్లి 1881లో బెల్‌ఫాస్ట్‌లో సిరోకో కార్ఖానా పెట్టాడు. 1898లో ఈ రకం ఫ్యాన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తేయాకు ఆరబెట్టడానికి పడ్డ ఆ ఆరాటం ఫలం ఇప్పుడు ప్రతి కారు డాష్‌బోర్డులోనూ తిరుగుతోంది. ఆ పంజరాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆ మనిషి గుర్తొస్తాడు.

ఈ ఫ్యాన్‌ని దాచిపెట్టడంలో పరాకాష్ఠ వోల్వో 240. 1974 నుంచి 1993 వరకు చేసిన ఆ కారు మొండిది, చావు లేనిది. కానీ దాని ఫ్యాన్‌ని తిప్పే బ్లోయర్ మోటారు డాష్‌బోర్డు నడిమధ్య హీటర్ పెట్టె కడుపులో ఉంటుంది. ఇరుసుకి రెండు వైపులా రెండు పంజరాలు. రేడియో, కన్సోల్, గాలి గొట్టాలు అన్నీ తీసి, పెట్టెని రెండు చిప్పలుగా విడదీస్తే తప్ప అది చేతికి రాదు. ఒక రోజంతా పని. చలిదేశం వాళ్లు, భద్రత గురించి అంత ఆలోచించిన వాళ్లు, అరిగిపోక తప్పని భాగాన్ని అక్కడ పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాతి కార్లలో చాలావాటికి మోటారు మళ్లీ గ్లవ్ బాక్స్ కిందికి దిగింది. అది కొన్నవాడికి జరిగిన న్యాయం.

ఇక ఆ శబ్దం. మోటారు ఇరుసు తిరిగేది చిన్న కంచు బుష్‌లో. పోత పోసింది కాదది, లోహపు పొడిని అదిమి కాల్చి చేసినది. ఒళ్లంతా సన్నని రంధ్రాలు, ఆ రంధ్రాల నిండా నూనె. ఇరుసు తిరిగి వేడెక్కితే నూనె పైకి ఊరుతుంది, చల్లారితే లోపలికి ఇంకుతుంది. క్రైస్లర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఆయిలైట్ పేరుతో తెచ్చిన బుష్‌లు ఈ జాతివే. ఏళ్లు గడిచి నూనె తరిగాక, మైనస్ 25 డిగ్రీల పొద్దున మిగిలిన కాస్తా చిక్కబడి బయటికి రాదు. లోహం లోహాన్ని ఒరుసుకుని కీచుమంటుంది. కారు వేడెక్కాక నూనె ఊరి దాని నోరు మూస్తుంది. శబ్దం అలా వచ్చి పోతుంటే బుష్ ఎండిందని అర్థం. టకటకమని లెక్కగా కొడుతుంటే పంజరంలో ఓక్ ఆకో, ఎలుక దాచుకున్న గింజో పడింది. ఫ్యాను ఒక్క స్పీడులోనే తిరుగుతుంటే తప్పు మోటారుది కాదు, పక్కనుండే, స్పీడు మార్చే రెసిస్టర్‌ది.

పని ఇది. డ్రైవరు పక్క సీటు వెనక్కి జరిపి, గ్లవ్ బాక్స్ కింద తల పెట్టాలి. కరెంటు తీగ గుత్తి ఊడదీసి, మూడో నాలుగో స్క్రూలు విప్పితే మోటారు పంజరంతో సహా చేతిలోకి జారుతుంది. ఇరుసుని వేళ్లతో పక్కకి ఊపి చూడాలి. కదలిక ఎక్కువుంటే బుష్ అరిగింది, మోటారు మార్చాలి. లేకపోతే నూనె చాలు. మన ఇళ్లలో టేబుల్ ఫ్యాన్ అరిస్తే అమ్మలు కుట్టు మిషను నూనె వేసేవారు. ఇక్కడ మాత్రం ఎలక్ట్రిక్ మోటార్లకని అమ్మే నూనె మంచిది, పలచటిది త్వరగా ఆరిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టారంటే ఉన్న నూనె కూడా కడుక్కుపోతుంది. రెండు చుక్కలు వేసి, చేత్తో తిప్పి, ఇంకే దాకా ఆగాలి. పంజరం రెక్కలకి పట్టి ఉన్న చిన్న రేకు క్లిప్పులను చెత్త అనుకుని పీకకూడదు. తూకం కోసం ఫ్యాక్టరీలో పెట్టినవి అవి. తీసేస్తే డాష్‌బోర్డు మొత్తం వణుకుతుంది.

విజయవాడలో ఉన్న మా బంధువులకి హీటరు అక్కర్లేదు. అయినా ఏసీ గాలిని తోసేది కూడా ఇదే మోటారు, ఇదే పంజరం. ఇక్కడ జనవరిలో వినిపించే అరుపు అక్కడ మే నెలలో దుమ్ముతోనో వేపాకుతోనో వినిపిస్తుంది. ఆటోనగర్‌లో మెకానిక్ విప్పేదీ ఈ మోటారునే.

పాత కారు చూడ్డానికి పిల్లలు నన్ను వెంట తీసుకెళ్తే, వాళ్లు మైలేజీ, టైర్లు, ఇంజను శబ్దం చూస్తారు. నేను మోకాళ్ల మీద కూర్చుని గ్లవ్ బాక్స్ కింద టార్చి వేసి, బ్లోయర్ స్క్రూలు చేతికి అందుతాయో లేదో చూసి చెబుతాను. అందని కారైతే, మరొకటి చూద్దాం పదండి అంటాను.