గుమ్మడి పువ్వు ఏ దేశానిదైతేనేం

అక్టోబరు వస్తే అమెరికాలో పిల్లాపాపలతో గుమ్మడి తోటలకు వెళ్లడం ఒక ఆనవాయితీ. ట్రాక్టరు బండెక్కి చేను తిరుగుతారు, నచ్చిన కాయ తెంపుకుంటారు, కొనుక్కుని ఇంటికి తెస్తారు. అక్కడి తెలుగు కుటుంబాలూ వెళ్తాయి. ఇంచుమించు అదే రోజుల్లో బతుకమ్మ కూడా ఆడతాయి. మొదటిది నిన్నగాక మొన్న పుట్టిన వ్యాపారమనీ, రెండోది అనాదిగా వస్తున్న ఆచారమనీ చాలామంది నమ్మకం. బతుకమ్మ ముందు పుట్టిందనడంలో నాకు తగాదా లేదు. కానీ పంటల పండుగ విలువను దాని వయసుతో కొలవడం తప్పని నా అభిప్రాయం. ఆ పండుగలో ప్రాణం ఉన్నది వస్తువుల పాతదనంలో కాదు, ఇంటిల్లిపాదీ బయటికి నడిచి, రుతువు ఇచ్చినదాన్ని తమ చేత్తో ఏరి తెచ్చుకునే పనిలో.

బతుకమ్మ ఎప్పటిది అంటే మనకు చోళుల కథలున్నాయి, వేములవాడ కథలున్నాయి. కథల్ని కాసేపు పక్కనపెట్టి తాంబాలంలో పేర్చిన పూలనే సాక్ష్యం అడుగుదాం. అడుగున పరిచేది గుమ్మడి ఆకు. ఆపైన తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్ల పూలు వరుసలుగా లేస్తాయి. చివర్న గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. తంగేడు, గునుగు మన మెట్టనేలలో ఎవరూ విత్తకుండానే మొలిచేవి. బంతి మాత్రం మెక్సికో మొక్క. మనం కూర వండుకునే తీపి గుమ్మడిదీ అమెరికా ఖండమే. మెక్సికోలో గుమ్మడి జాతిని సుమారు 10,000 ఏళ్ల కిందటే సాగు చేసినట్టు ఒహాకా గుహల్లో దొరికిన గింజలు చెబుతున్నాయి. ఈ రెండూ మన దేశానికి వచ్చింది 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరిన తర్వాతే. అంటే ఈనాటి బతుకమ్మలో మెరిసే పసుపులో సగం 1498 తర్వాతిదే. ఇంకొక విశేషం: ఎంగిలిపూల బతుకమ్మ పెత్తరమాస నాడు, పెద్దలకు బియ్యం ఇచ్చే రోజున మొదలవుతుంది. మెక్సికోలోనూ నవంబరు మొదటి రెండు రోజుల్లో చనిపోయినవాళ్లను తలుచుకుంటూ బంతిపూలే పరుస్తారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేననను. వానలు వెనకబట్టే వేళకు విరగబూసే పువ్వును మనుషులు ఎక్కడైనా తమవాళ్ల కోసమే కోస్తారు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. బూడిదగుమ్మడి ఆసియాదే కదా, బీర కూడా మనదే కదా, తొలినాళ్ల బతుకమ్మలో ఆ పూలే ఉండి ఉంటాయి కదా అని. ఉండి ఉండొచ్చు. అలా అయితే నా మాటకే బలం. చోటు పాతది, అందులోకి వచ్చి కూర్చున్న పువ్వు కొత్తది. కొత్త పువ్వును పరాయిదని ఎవరూ గెంటలేదు, పైగా అన్నిటికన్నా పైన పెట్టారు.

సౌత్ అండమాన్‌లో ఫెరార్‌గంజ్ తహసీల్‌లోని తుష్నాబాద్ లాంటి ఊళ్ల నుంచి చూస్తే ఇది మరింత తేటగా కనబడుతుంది. 1858 మార్చిలో బ్రిటిష్ అధికారి వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగేనాటికి ఆ దీవుల్లో సేద్యమే లేదు. అక్కడి ఆదివాసులది వేట, చేపలు, అడవి దుంపల బతుకు. ఆ తర్వాతి వరిమళ్లు, దున్నపోతులు, కూరపాదులు అన్నీ ఓడెక్కి వచ్చినవే, వాళ్ల అడవిని నరికి వేసినవే. మాప్పిళ్లలు, రాంచీ కూలీలు, బెంగాలీ శరణార్థులతో పాటు మనవాళ్లూ చేరారు. 2011 జనాభా లెక్కల్లో దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీళ్లలో ఎక్కువమందివి శ్రీకాకుళం, విశాఖ వైపు మూలాలు కాబట్టి వెంట తెచ్చుకున్న పంటల పండుగ బతుకమ్మ కాదు, సంక్రాంతి. ఆశ్వయుజంలో అక్కడ ఇంకా ముసురే, నైరుతి వాన తెరిపివ్వకముందే ఈశాన్యపు వాన అందుకుంటుంది. నేల వేరు, వాన వేరు, అయినా పువ్వు అదే. కోస్తాలో ధనుర్మాసపు గొబ్బెమ్మ నెత్తిన గుచ్చేదీ గుమ్మడి పువ్వే. అమెరికా ఖండం నుంచి కోస్తాకు వచ్చిన పాదు కోస్తా నుంచి దీవికి వెళ్తే అది దొంగ పండుగ అవుతుందా? పంటే వలస వచ్చిన చోట, పండుగ వలస వచ్చిందని చిన్నచూపు చూడటం న్యాయం కాదు.

ఏ పువ్వైనా సరే అంటే బజారు పువ్వూ సరే కదా, ప్లాస్టిక్ పువ్వూ సరే కదా అని అడిగేవాళ్లుంటారు. ఇక్కడే నేను ఒప్పుకోను. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. కాబట్టి మంచు ఆరకముందే పాదు దగ్గరికి వెళ్లాలి. సన్నని కాడ మీద నిలబడ్డది మగపువ్వు, కింద బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు. మగదాన్ని కోస్తే కాపుకు నష్టం లేదు, వాటిలోనూ కొన్ని తేనెటీగలకు వదలాలి. ఇది పుస్తకంలో నేర్చుకునేది కాదు, అమ్మ వెనకో అమ్మమ్మ వెనకో నడిచి నేర్చుకునేది. సంచిలో కొనుక్కొచ్చిన పువ్వుతో బతుకమ్మ అందంగానే ఉంటుంది, ఆ నడక మాత్రం ఉండదు. ఆ లెక్కన డబ్బులిచ్చి వెళ్లినా సరే, పిల్లాడు తీగె నుంచి కాయ తెంపే గుమ్మడి తోట నాకు చులకన కాదు. ఏరుకునే హక్కు అందరికీ సమానంగా ఉండేది కాదన్నదీ నిజమే. పట్టాచేను గట్టు మీద కాలుపెట్టాలంటే కులం అడ్డొచ్చేది. తంగేడు, గునుగుల గొప్పదనం అక్కడే ఉంది. పోరంబోకులో, బాట పక్కన, చెరువు గట్టున పూసేవి గనక చేను లేని ఇంటి ఆడపిల్ల తాంబాలం కూడా నిండేది.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. పోరంబోకు ప్లాట్లయిన ఊళ్లో ఆ తంగేడుకు చోటు లేదు, కలుపు మందు కొట్టిన చేలో గునుగు మొలవదు. పండుగకు ఏటా పెట్టే ఖర్చులో కొంతైనా ఊరికొక చెరువు గట్టును, నాలుగు బీడు చెలకలను మందు కొట్టకుండా, కంచె వేయకుండా వదిలేయించడానికి పెట్టాలి. దసరా సెలవులు ఎలాగూ ఆ రోజుల్లోనే వస్తాయి, పిల్లలు తీరికగానే ఉంటారు.