టోల్ గేటుకి 160 ఏళ్ళ కథ: కేసీ కెనాల్ నుంచి కడప–కర్నూలు హైవే దాకా

ఈ ఎపిసోడ్ టాపిక్ టోల్ గేటు. నవ్వొద్దు, ఇది హిస్టరీ ఎపిసోడే.

కడప నుంచి కర్నూలుకి కార్లో పోతుంటే ఫాస్టాగ్‌లో డబ్బులు కట్ అయినట్టు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా. అప్పుడు కార్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "బండి కొన్నప్పుడు రోడ్ ట్యాక్స్ కట్టినాం, పెట్రోల్‌లో ట్యాక్స్ కడతాండాం, మళ్ళీ ఇదేంది?" అని. ఇంకొకరు, "అది గవర్నమెంట్‌కి కాదులే, కంపెనీకి" అంటారు. మూడో ఆయన, "రెండూ ఒకటేలే" అని ముగించేస్తాడు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆ కార్లో ఎవరూ అడగరు. రోడ్డు వేసినాక దాని మీద అనుకున్నన్ని బండ్లు రాకపోతే ఆ నష్టం ఎవరిది? పబ్లిక్ ప్రైవేట్ పార్ట్‌నర్‌షిప్, పీపీపీ అంటాం కదా, దాని అసలు విషయం అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. దీనికి మన సీమలోనే 160 ఏళ్ళ కిందటి జవాబు ఒకటి ఉంది. నీళ్ళు పారుతున్న జవాబు.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. ఇప్పుడు మనం ఎన్‌హెచ్ 40 అంటున్న దారికి పాత నంబరు 18. కడప వదిలితే చెన్నూరు, ఖాజీపేట, మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ, శిరివెళ్ళ, నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు, కర్నూలు. అప్పట్లో రెండు లైన్ల రోడ్డు. ఎర్రగుంట్ల పక్క నుంచి సిమెంటు లారీలు, మంగంపేట ముగ్గురాయి, బేతంచెర్ల బండలు, నంద్యాల బియ్యం, వీటితో పాటు హైదరాబాద్ నుంచి తిరుపతి పోయే బస్సులు, అన్నీ ఆ రెండు లైన్ల మీదే. లోడ్ లారీ వెనక పడితే ఎదురు బండి వచ్చే గ్యాప్ చూసుకుని ఓవర్‌టేక్ చెయ్యాలి. ప్రతి ఊళ్ళోనూ బస్టాండు, సంత, ఎద్దులబండ్లు రోడ్డు మీదే. మా కమలాపురం నియోజకవర్గంలోని చెన్నూరు కూడా ఈ రోడ్డు మీదే ఉంది కాబట్టి ఇది మాకు పరాయి కథేం కాదు.

నేషనల్ హైవేస్ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం మూడో దశలో ఈ రోడ్డుని నాలుగు లైన్లు చెయ్యాలని తీసుకున్నారు. సుమారు 188 కిలోమీటర్లు. పని రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌వే ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీకి వచ్చింది. పద్ధతి బీఓటీ. అంటే కంపెనీ అప్పు తెచ్చి రోడ్డు వేస్తుంది, ఒప్పందంలో రాసుకున్నన్ని ఏళ్ళు టోల్ వసూలు చేసుకుని మెయింటెనెన్స్ చూస్తుంది, గడువు అయిపోయినాక రోడ్డు ప్రభుత్వానికి అప్పజెప్పి పోతుంది. రోడ్డు కింద భూమి ఎప్పుడూ ప్రభుత్వానిదే. కంపెనీకి అమ్మేశారు అనేది తప్పు మాట.

ఇప్పుడు మ్యాప్ ఓపెన్ చేసి కర్నూలు నుంచి కడప దాకా జూమ్ చేసి చూడండి. హైవే దిగే దిశలోనే నీలం గీత ఒకటి కిందకి వస్తుంటుంది. అదే కేసీ కెనాల్, కర్నూలు–కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కర్నూలు టౌన్‌లో హంద్రీ నదిని అక్విడక్ట్ మీద దాటి, నంద్యాల ప్రాంతం గుండా కుందూ లోయ వెంట కడప దాకా వస్తుంది. సుమారు 306 కిలోమీటర్లు. మా పక్కనే వల్లూరు మండలంలో పెన్న మీదున్న ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కూడా ఈ కాలువ వ్యవస్థలోదే.

ఈ కాలువని కట్టింది ప్రభుత్వం కాదు, ప్రైవేట్ కంపెనీ. డచ్ కంపెనీ కట్టిందని నెట్‌లో చాలా చోట్ల రాసుంటారు. ఒకరు రాసింది ఇంకొకరు కాపీ కొట్టుకుంటూ పోయారు. కట్టింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, లండన్‌లో పుట్టిన ఇంగ్లీషు కంపెనీ. దాని వెనకున్న ఆలోచన మనందరికీ తెలిసిన ఆర్థర్ కాటన్‌ది. ధవళేశ్వరం ఆనకట్ట సక్సెస్ అయినాక ఆయన కల చాలా పెద్దదైంది. తుంగభద్ర నీళ్ళు బళ్ళారి, కర్నూలు, కడప మీదుగా నెల్లూరు తీరం దాకా పోవాలి, పొలాలూ పండాలి, అదే కాలువలో సరుకు పడవలూ నడవాలి. ఒక రకంగా చెప్పాలంటే అది నీళ్ళ హైవే. రైళ్ళ కంటే కాలువలే దేశానికి మేలు అని ఆయన జీవితాంతం వాదించాడు.

డబ్బు ఎట్లా వచ్చింది? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. కంపెనీ పెట్టుబడి 10 లక్షల పౌండ్లు. అప్పట్లో పౌండ్ అంటే సుమారు 10 రూపాయలు, కాబట్టి కోటి రూపాయలు. 1860ల లెక్కలో కోటి అంటే ఊహించుకోండి. ఆ పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. కాలువ సంపాదించినా, సంపాదించకపోయినా లండన్‌లో షేర్లు కొన్నవాళ్ళకి ఏడాదికి 5 శాతం చేతికొస్తుంది. కాలువ నుంచి రాకపోతే ఖజానా నుంచి వస్తుంది. ఆ ఖజానా నింపింది ఎవరు? శిస్తు కట్టిన మన జేజినాయనల జేజినాయనలు.

ఇట్లాంటి గ్యారంటీతో పని ఎట్లా జరుగుతుందో మీరే చెప్పండి. ఖర్చు అదుపులో పెట్టాలనే ఒత్తిడి ఎవరి మీదా లేదు. పెట్టుబడి అయిపోయింది, కాలువ పూర్తి కాలేదు. ప్రభుత్వమే మళ్ళీ అప్పు ఇచ్చి నిలబెట్టింది. నెల్లూరు తీరం దాకా పోవాల్సిన కల కడప దగ్గరే ఆగిపోయింది. కాలువ 1870ల మొదట్లో పనిలోకి వచ్చింది.

వచ్చినాక ఇంకో దెబ్బ. నీళ్ళు అడిగే రైతులు లేరు. ఆశ్చర్యంగా ఉంది కదా, కరువు సీమలో కాలువ నీళ్ళు వద్దనడమా? కర్నూలు, నంద్యాల పక్కన ఉండేది నల్లరేగడి. మామూలు ఏడాదిలో వాన పడితే ఆ నేల తేమ పట్టుకుని జొన్న, పత్తి పండిస్తుంది. కాలువ నీళ్ళు కావాలంటే నీటి తీరువా కట్టాలి, మడి చదును చెయ్యాలి, పంట మార్చాలి. రైతు లెక్క వేసుకున్నాడు, వద్దన్నాడు. 1876–78 ధాత కరువులో మద్రాస్ ప్రెసిడెన్సీ అల్లాడిపోయినప్పుడు నీటి విలువ అందరికీ తెలిసింది గానీ, కరువు ఏటా రాదు, కంపెనీకి రాబడి ఏటా కావాలి. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువని కొనేసింది. కాటన్ అంటే గిట్టనివాళ్ళు చాలాకాలం ఈ కాలువనే చూపించి ఆయన్ని ఎగతాళి చేశారు.

ఈ రోజుల్లో కన్సల్టెంట్లు 'ట్రాఫిక్ ప్రొజెక్షన్' అంటారు చూడండి, రోజుకి ఇన్ని బండ్లు వస్తాయి, ఏటా ఇంత శాతం పెరుగుతాయి అని. అదే తప్పు అప్పుడు నీళ్ళ విషయంలో జరిగింది. ఇన్ని లక్షల ఎకరాలకి నీళ్ళు అమ్ముడుపోతాయని కాగితం మీద రాసుకున్నారు. ఆ ఎకరాలు దున్నేవాళ్ళ లెక్క ఆ కాగితంలో లేదు.

ఇదొక్క కాలువ కథే కాదు. కమలాపురం స్టేషన్ మీదుగా పోయే రైలు లైన్ చూడండి. రేణిగుంట, కడప, ఎర్రగుంట్ల, గుంతకల్లు, రాయచూరు. మద్రాస్ రైల్వే కంపెనీ వేసిన లైన్ అది, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైన్‌తో కలిసింది. దానికీ అదే గ్యారంటీ పద్ధతి. 1872లో భారత ప్రభుత్వ మాజీ ఆర్థిక సభ్యుడు విలియం మాసీ పార్లమెంటు కమిటీ ముందు ఈ గ్యారంటీల గురించి ఏం చెప్పాడంటే, 5 శాతం ఖాయం అయినప్పుడు తన డబ్బు ఇటుకా సున్నమూ అయిందా, హుగ్లీ నదిలో పారేశారా అనేది పెట్టుబడిదారుడికి పట్టదు అన్న అర్థం వచ్చేట్టు చెప్పాడు. అయితే ఒక తేడా ఉంది. రైలుకి జనం వచ్చారు, సరుకు వచ్చింది. మీరు ఇప్పటికీ ఆ దారిలోనే ఎక్కి దిగుతున్నారు. గ్యారంటీ పద్ధతి ఒకటే, డిమాండ్ ఉన్న చోట ఒక ఫలితం, లేని చోట ఇంకో ఫలితం.

స్వాతంత్ర్యం వచ్చినాక చాలా ఏళ్ళు రోడ్లు పూర్తిగా సర్కారు డబ్బుతోనే వేశారు. 1995లో నేషనల్ హైవేస్ చట్టం సవరించి ప్రైవేట్ పెట్టుబడికి తలుపు తీశారు. మన రాష్ట్రంలో మొదట్లో వచ్చినవాటిలో తుని–అనకాపల్లి రోడ్డు ఒకటి, 59 కిలోమీటర్లు, 2004 చివర్లో పూర్తయింది. దాంట్లో టోల్ రిస్క్ కంపెనీకి లేదు. ప్రభుత్వమే ఆరు నెలలకోసారి ఫిక్స్‌డ్‌గా కొంత కట్టింది. దాన్ని యాన్యుటీ అంటారు. విన్నట్టుందా? 1860ల గ్యారంటీకి చుట్టమే. కాకపోతే ఇందులో రోడ్డు పూర్తి చేసి చూపిస్తే గానీ డబ్బు మొదలవ్వదు. ఆ చిన్న కండిషన్ చాలా పెద్దది.

బీఓటీ టోల్ దీనికి పూర్తిగా ఎదురు. బండ్లు రాకపోతే కంపెనీ మునుగుతుంది. అట్లయితే కంపెనీలు జాగ్రత్తగా బిడ్ వేస్తాయి కదా అనుకుంటాం. 2009–12 మధ్య దేశమంతా పోటీ పడి వేసేశాయి. బ్యాంకులు అప్పులు ఇచ్చేశాయి. తర్వాత ఆ అప్పుల్లో చాలా మొండి బకాయిలు అయ్యాయి. ఆ బ్యాంకుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ బ్యాంకులే. అంటే చుట్టూ తిరిగి మళ్ళీ ఖజానా దగ్గరికే వచ్చాం.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు కేస్ అయితే సినిమా కథలాగ ఉంటుంది. సుమారు 181 కిలోమీటర్లు, 2009లో జీఎంఆర్ కంపెనీతో 25 ఏళ్ళ ఒప్పందం, 2012 డిసెంబర్ నుంచి టోల్. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. అప్పటిదాకా ఒకే రాష్ట్రంలో ఈ చివర నుంచి ఆ చివరకి పోయిన లారీ ఇప్పుడు బోర్డర్ దాటాలి, రెండు చోట్లా ట్యాక్స్ కట్టాలి. ఇసుక రవాణా మీద ఆంక్షలు వచ్చాయి. ట్రాఫిక్ అనుకున్నట్టు పెరగలేదు. కంపెనీ ఏమంది? రాష్ట్ర విభజన అనేది 'చట్టంలో మార్పు', దానివల్ల వచ్చిన నష్టం మాకు కట్టివ్వాలి అంది. 2020లో ఆర్బిట్రేటర్లు మెజారిటీతో ఆ వాదన ఒప్పుకున్నారు. చివరికి పరిహారంతో సెటిల్ చేసుకుని 2024 జూలై 1 నుంచి ఆ టోల్ ఎన్‌హెచ్‌ఏఐ చేతికి వచ్చింది.

కోడ్ రాసేవాళ్ళకి తెలుసు, ప్రోగ్రాం క్రాష్ అయ్యేది మనం ఊహించని ఇన్‌పుట్ వచ్చినప్పుడు. రాష్ట్రం విడిపోవడం అనే ఇన్‌పుట్‌ని 2009లో ఆ ఒప్పందం రాసిన లాయర్ ఎవరైనా టెస్ట్ చేసుంటాడా?

బీఓటీకి బిడ్లు రావడం తగ్గిపోయేసరికి 2016లో హైబ్రిడ్ యాన్యుటీ అని కొత్త పద్ధతి తెచ్చారు. కట్టేటప్పుడే 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 కంపెనీ పెట్టి, 15 ఏళ్ళు వాయిదాల్లో వడ్డీతో తీసుకుంటుంది. టోల్ ప్రభుత్వానికి. బండ్లు వచ్చినా రాకున్నా కంపెనీకి వాయిదా వస్తుంది. మన జిల్లా మీదుగా వేస్తున్న బెంగళూరు–కడప–విజయవాడ ఎక్స్‌ప్రెస్‌వే ప్యాకేజీలు ఈ పద్ధతిలోవే. ప్రైవేట్ రోడ్డు అని పేరు, రిస్క్ మాత్రం మన నెత్తి మీద. నా అభిప్రాయం అడిగితే ఇది తప్పు కాదు, కానీ జనానికి ఓపెన్‌గా చెప్పాలి.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. ప్రైవేట్ డబ్బు బండ్లు ఎక్కువున్న చోటికే వస్తుంది. 2021 నవంబర్‌లో వెలిగల్లు నుంచి వదిలిన నీళ్ళకి పాపాఘ్ని పొంగి కమలాపురం దగ్గర బ్రిడ్జి కుంగి కూలిపోయింది. కడప–తాడిపత్రి దారి తెగిపోయింది. ఆసుపత్రికి పోవాల్సినవాళ్ళు, కాలేజీ పిల్లలు, సిమెంటు లారీలు, అందరూ చుట్టు తిరగాల్సిందే. అట్లాంటి ఒక్క బ్రిడ్జి కట్టి టోల్ పెట్టుకుని బతుకుదాం అని ఏ కంపెనీ బిడ్ వెయ్యదు. దానికి సర్కారు డబ్బే దిక్కు. అందుకే టోల్ రోడ్ల గ్యారంటీలకి ఎంత పోతోందో తెలుసుకోవడం టోల్ గేటే లేని ఊళ్ళకి ఇంకా అవసరం.

టోల్ రేట్ల గురించి కూడా ఒక మాట. 2008 రూల్స్ ప్రకారం రేటు ఏటా 3 శాతం, దానిపైన హోల్‌సేల్ ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలిపి పెరుగుతుంది. ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపు ఇల్లున్న సొంత బండ్లకి నెలవారీ పాస్ ఉంటుంది. చాలామందికి తెలీదు, గేట్లో అడగండి.

ఇప్పుడు మన పక్కకి వస్తున్న కొత్త రోడ్డు. 2025 మే 28న కేంద్ర క్యాబినెట్ బద్వేలు–నెల్లూరు నాలుగు లైన్ల రోడ్డుకి ఓకే చెప్పింది. మన జిల్లాలోని గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురువిందపూడి దాకా 108 కిలోమీటర్లు, 3,653 కోట్లు, కృష్ణపట్నం పోర్టుకి దూరం 142 నుంచి 108 కిలోమీటర్లకి తగ్గుతుంది. కాటన్ కాలువ కడప దగ్గర ఆగిపోయి, పోలేకపోయిన తీరానికే ఈ రోడ్డు పోతోంది. పద్ధతి డీబీఎఫ్‌ఓటీ, అంటే డిజైన్, కట్టడం, డబ్బు, నడపడం అన్నీ కంపెనీవే, చివర్లో తిరిగి ఇచ్చెయ్యాలి. ఈ ఒప్పందంలో ట్రాఫిక్ అంచనా ఎంత రాశారు, అది తప్పితే గడువు పెంచుతారా, పోర్టులో సరుకు తగ్గితే ఎవరు భరిస్తారు, ఈ మూడు క్లాజులు చదవాలని ఉంది నాకు. దొరికితే వాటి మీదే ఒక ఎపిసోడ్ చేస్తా. ఉంటా మరి.