అధికారం – అంత్యక్రియ: ‘సంస్కార’, ‘ఘటశ్రాద్ధ’ చిత్రాల పరిశీలన

‘అధికారం’ అనే మాటకు తెలుగులో నేడు వ్యాప్తిలో ఉన్న అర్థం పాలనాశక్తి. మీమాంసా, ధర్మశాస్త్ర పరిభాషలో దాని అర్థం వేరు. ఒక కర్మను ఆచరించడానికీ, దాని ఫలాన్ని పొందడానికీ వ్యక్తికి గల అర్హతే అక్కడ అధికారం. ఈ అర్హత పాలనాశక్తిగా మారే క్రమాన్ని నిశితంగా చూపిన చిత్రాలు కన్నడంలో రెండున్నాయి. అవి 1970 నాటి ‘సంస్కార’, 1977 నాటి ‘ఘటశ్రాద్ధ’. రెండింటికీ మూలం యు. ఆర్. అనంతమూర్తి రచనలే. రెండూ జాతీయ ఉత్తమ చలనచిత్ర పురస్కారం పొందాయి. ‘సంస్కార’ దర్శకుడు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి నెల్లూరు సీమకు చెందినవారు. ‘ఫిడేలు రాగాల డజన్’ (1939) కవిగా తెలుగు సాహిత్య చరిత్రకు సుపరిచితులు. ఛందస్సు శాసనాన్ని ధిక్కరించిన కవి, మూడు దశాబ్దాల తర్వాత కర్మకాండ శాసనాన్ని ప్రశ్నించే కథను చేపట్టడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

పూర్వరంగం

మతాధికారాన్ని ప్రశ్నించడం తెలుగు తెరకు కొత్త కాదు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1938లో వచ్చిన ‘మాలపిల్ల’కు కథ చలం రాశారు, సంభాషణలు తాపీ ధర్మారావు సమకూర్చారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం రావడానికి ఏడాది ముందు ఆ చిత్రం వెలువడింది. అందులో ఆలయ ప్రవేశాన్ని అడ్డుకునే సుందరరామశాస్త్రి, తన భార్యను దళితులు మంటల నుండి కాపాడిన తర్వాత మనసు మార్చుకుంటాడు. అడ్డంకి ఒక వ్యక్తి హృదయంలో ఉంది కనుక హృదయ పరివర్తనతో సమస్య తీరుతుంది. గాంధేయ సంస్కరణోద్యమ కాలానికి ఆ పరిష్కారం సహజం. అనంతమూర్తి కథలపై నిర్మించిన చిత్రాల్లో అడ్డంకి వ్యక్తిలో లేదు, విధానంలో ఉంది. అందుకే వాటిలో మంచివారి మంచితనం కూడా బాధితులకు అక్కరకు రాదు.

మృతునికి నిరాకరించిన కర్మ

‘సంస్కార’లోని దుర్వాసపురం ఒక మాధ్వ అగ్రహారం. ఆచారాలన్నింటినీ ధిక్కరించి చంద్రితో సహజీవనం చేసిన నారణప్ప జ్వరంతో మరణిస్తాడు. అతనికి సంతానం లేదు. దహనం చేసే అధికారం ఎవరిదన్నది తేలదు. శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరూ భోజనం చేయరాదు. ఖర్చుల కోసం చంద్రి తన నగలు తీసి ముందు పెట్టగానే, అంతవరకు వెనుకాడినవారిలోనే ఆశ పుడుతుంది. ధర్మచర్చ వెనుక దాగిన ఆస్తి ప్రశ్న ఈ ఒక్క ఘట్టంతో బయటపడుతుంది.

ఈ కథను పండితుడైన ప్రాణేశాచార్యుని అస్తిత్వ సంక్షోభంగా చదవడం విమర్శలో స్థిరపడిన మార్గం. గిరీశ్ కర్నాడ్ నటన ఆ పఠనానికి బలం చేకూర్చింది. కాని ఆచార్యుడు గ్రంథాలలోనూ, మారుతి గుడిలోనూ సమాధానం వెతుకుతుండగా, సమస్యను పరిష్కరించినది చంద్రి. ఏ కర్మాధికారమూ లేని ఆ స్త్రీ ఒక ముస్లిం సాయంతో రాత్రివేళ దహనం జరిపిస్తుంది. అగ్రహారానికి ఆ సంగతి తెలియదు. లేని శవం గురించి చర్చ సాగుతూనే ఉంటుంది. అంటే ఆ చర్చకు శవంతో నిమిత్తం లేదు, నిర్ణయించే హక్కుతోనే నిమిత్తం. అయితే స్నేహలతారెడ్డి పోషించిన చంద్రిని ఆ తర్వాత కథనం వదిలి, ఆచార్యుని వెంట సాగిపోతుంది. పీడనను గుర్తించిన చిత్రం కూడా పీడితురాలి వెంట చివరిదాకా నడవలేదన్నది గమనించవలసిన పరిమితి. ఆ చిత్రానికి సెన్సారు మొదట అనుమతి నిరాకరించడం, కర్మాధికారంపై ప్రశ్న అగ్రహారం వెలుపల సైతం ఎంత కలవరం కలిగించిందో తెలుపుతుంది.

జీవించి ఉన్నవారికి చేసిన కర్మ

గిరీశ్ కాసరవళ్లి తొలి చిత్రం ‘ఘటశ్రాద్ధ’ ఈ పరిమితిని దాటింది. వేదపాఠశాల నడిపే ఉడుపుని కుమార్తె యమున వితంతువు. ఒక బడిపంతులు వల్ల గర్భవతి అవుతుంది. తండ్రి ఊళ్లో లేని సమయంలో విషయం బయటపడుతుంది. ఇక్కడ మరణమే లేదు, అయినా శ్రాద్ధం జరుగుతుంది. తిరిగి వచ్చిన తండ్రి కుండ పగలగొట్టి, బతికి ఉన్న కూతురిని చనిపోయినదానిగా ప్రకటిస్తాడు. ‘సంస్కార’లో మృతునికి కర్మ నిరాకరించడం శిక్ష, ఇక్కడ సజీవురాలికి కర్మ జరపడం శిక్ష. ఒకే సాధనం రెండు వైపులా తెగుతుంది.

ఈ ఆచారానికి ఆధారం మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో ఉంది. పతితునికి బంధువులు మృతునికి వలె ఉదకక్రియ జరపాలని, దాసి నీటికుండను కాలితో తన్నాలని అక్కడి విధి. కాని అదే చోట, ప్రాయశ్చిత్తం చేసుకున్నవానిని కొత్త కుండతో తిరిగి స్వీకరించే విధి కూడా ఉంది. పతితలైన స్త్రీలకు అన్నపానాలు, వస్త్రాలు ఇచ్చి ఇంటి సమీపంలో ఉండనివ్వాలని సైతం ఉంది. ఆ విధిలోని దయ పరిమితమైనదే. అయినా చిత్రంలోని సమాజం వెలివేసే వాక్యాన్ని మాత్రమే గుర్తుంచుకుంది. గ్రంథంలో ఏ వాక్యాన్ని అమలు చేయాలో, దేనిని మరచిపోవాలో ఎంచుకోవడంలోనే పాలనాశక్తి ఉంది. గర్భానికి కారకుడైన పంతులుపై ఏ వాక్యమూ ప్రయోగం కాదు. వృద్ధుడైన ఉడుపుడు చిన్నవయసు పిల్లను పెళ్లాడబోతున్నాడన్న వార్తకు ఏ ప్రాయశ్చిత్తమూ అవసరపడదు.

ఇదంతా నాణి అనే చిన్న విద్యార్థి కళ్లతో కనబడుతుంది. కర్మ అర్థం తెలియని ఆ పిల్లవానికి యమున ఆప్యాయత మాత్రమే తెలుసు. శాస్త్రం చెప్పే కారణాలు అతని దాకా చేరవు కనుక, ప్రేక్షకునికి ఫలితం ఒక్కటే మిగులుతుంది: చెట్టు కింద శిరోముండనంతో కూర్చున్న ఒంటరి స్త్రీ. ‘సంస్కార’ వదిలిన చోటును ఈ చివరి దృశ్యం పూరిస్తుంది.

ముగింపు

‘మాలపిల్ల’ మనసు మారాలని కోరింది. అనంతమూర్తి రచనల ఆధారంగా వచ్చిన రెండు చిత్రాలూ మనసు కన్నా ముందు విధానాన్ని చూపాయి. ప్రాణేశాచార్యుడు దుర్మార్గుడు కాడు. అయినా అతని నిర్ణయం కోసం శవం కుళ్లింది. మతసమాజాలలోని హింసను దుష్టపాత్రలలో మాత్రమే వెదకే విమర్శ ఈ అంశాన్ని గుర్తించలేదు. కర్మాధికారం ఎవరిది, దానిని ఎవరిపై ప్రయోగించారు, ఎవరిని మినహాయించారు అన్న మూడు ప్రశ్నలతో తెలుగు కథాసాహిత్యంలోని వితంతు, వెలి ఇతివృత్తాలను పునఃపరిశీలించవలసిన అవసరం ఉంది.