బొమ్మ నిలిచి, గొంతు కదిలి

బచ్చన్నపేట పొరుగున నున్న చేర్యాల నకాషీవారు వ్రాసిన పటమును విప్పుచు కథకులు ఊరూర కథ చెప్పెడివారు. బొమ్మ కదలదు, గొంతే దానిని కదిలించును. టెలివిజన్ వ్యంగ్యచిత్రముల చరిత్రలోను ఇట్టి ఘట్టమొకటి కలదు.

విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలు 1940 మొదలు పిల్లి, ఎలుకల తగవును వేలకొలది బొమ్మలతో వెండితెరకెక్కించిరి. 1957లో ఎం.జి.ఎం. సంస్థ తన వ్యంగ్యచిత్ర శాఖను మూసివేసెను. టెలివిజన్ వారిచ్చు సొమ్మో, స్వల్పము. ఆ డిసెంబరున ప్రసారమైన 'రఫ్ అండ్ రెడ్డీ'లో పిల్లి, కుక్క మిత్రులు. పరుగు తగ్గి మాట పెరిగెను. 1958లో వచ్చిన యోగి యను ఎలుగుబంటికి కాలరు, టై తగిలించినది సొగసునకు మాత్రమే కాదు. మెడవద్ద అతుకు దాగినచో, మొండెమును కదల్పక తలను మాత్రమే మరల గీయవచ్చును. పొదుపు ఎంత తెలివి నేర్పినది! యోగికి డాస్ బట్లర్, వాని చెలికాడు బూబూకు డాన్ మెస్సిక్ గొంతు నిచ్చిరి.

ఇది బొమ్మలు తగిలించిన రేడియో యని ప్రసిద్ధ చిత్రకారుడు చక్ జోన్స్ ఈసడించెను. పరుగులోని, పాటులోని హాస్యము పోయినమాట నిజమే. కాని మైకు ముందు బ్రతుకువాడనగుటచే నాకది నింద యని తోచదు. కన్నులు మూసికొని విన్నను, యోగి పరుల ఫలహారపు బుట్టకై పొంచియున్నాడనియు, బూబూ వలదని వారించుచున్నాడనియు తెలియును.