విశాఖ పాతనగరమున ఒక పాఠశాల

విశాఖపట్టణపు పాతనగరము రేవు నానుకొని యున్నది. రేవు ముఖద్వారమున మూడు గుట్టలు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై దర్గా, వేరొకదానిపై మరియమాత దేవాలయము కలవు. ఈ పాతనగరముననే 1847లో సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసినది. తెలుగుదేశమున ఇంతటి వయస్సు గల ఆంగ్ల పాఠశాలలు బహు కొద్ది.

దీనిని నెలకొల్పినవారు ఆంగ్లేయులు కారు. ఆన్సీ నగరమున పియేర్ మెర్మియే అను గురువు 1838లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట స్థాపించిన సమాజమునకు చెందినవారు. ఆన్సీ నేడు ఫ్రాన్సులోనిది. 1860 వరకు మాత్రము సార్డీనియా రాజ్యములోనిది. ఆ గురువులు 1846లో విశాఖ చేరిరి. వారు ఇంట మాటలాడిన భాష ఫ్రెంచి. ఆంగ్లవిద్యకు పేరుమోసిన బడికి పునాది వేసినవారికి ఆంగ్లము నేర్చుకొనిన భాషయే యన్నమాట! పాఠశాలకు పేరిచ్చిన అలోషియస్ యేసుసభకు చెందిన యువకుడు. రోమునగరమున మహామారి సోకినవారికి సేవచేయుచు 1591లో ఇరువదిమూడేండ్ల ప్రాయమున మరణించెను. ఆ పేరును బట్టి ఇది యేసుసభవారి బడి యనుకొనువారు కలరు, కాని కాదు.

లండను మిషనరీలు అంతకు నలువదేండ్ల ముందే, 1805లో, ఇదే పట్టణమునకు వచ్చి బైబిలును తెలుగు చేయుటకు పూనుకొనిరి. కతోలిక గురువులకో, కుంపిణీ సైన్యములోని ఐరిష్ కతోలికుల కుటుంబములు ముందుగా కంటబడినవి. తెల్లవారి పిల్లలకును, మిశ్రసంతతివారికిని చదువు చెప్పుట నాటి కతోలిక మిషనులకు మొదటి పనులలో నొకటి. ఆ మిశ్రసంతతివారికే 1911 నుండి ప్రభుత్వ లెక్కలలో ఆంగ్లో-ఇండియన్ అను పేరు స్థిరపడినది. అది ఈ బడి పేరులోను చేరినది. రైలు వచ్చినది, 1933లో రేవు తెరువబడినది, ఉద్యోగులు పెరిగిరి, పిల్లలును పెరిగిరి.

అసలు మార్పు తెచ్చినది రాజ్యాంగము. ఆంగ్లో-ఇండియన్ పాఠశాలలకు ఇచ్చు ప్రత్యేక గ్రాంటులను పదేండ్లలో క్రమముగా తగ్గించి ముగింపుమని 337వ అధికరణము చెప్పినది. అంతేకాదు, ఏటేటి ప్రవేశములలో కనీసము నూటికి 40 స్థానములు ఇతరులకు అందుబాటులో ఉంచని బడికి ఆ గ్రాంటు లేదన్నది. ఒకవైపు ఆంగ్లో-ఇండియన్ కుటుంబములు అనేకము ఇంగ్లండు, ఆస్ట్రేలియాలకు తరలిపోవుచుండెను. ఖాళీయైన బల్లలపై తెలుగు పిల్లలు కూర్చుండిరి. ఇట్టి బడులకు మన ఇండ్లలో నేడున్న ప్రతిష్ఠ, ఎవరికొరకు అవి పుట్టలేదో వారి పిల్లల వలన వచ్చినది. ఈ మాట చెప్పుటకు నేను సంకోచింపను.

ఆ ప్రతిష్ఠ ఎంత దూరము పోయినదో భాషయే చెప్పును. కాన్వెంటు అనగా మఠకన్యల నివాసము. తెలుగులో నేడా మాటకు, రెండు గదుల అద్దెయింట నడచు ఆంగ్లపు బడి యని అర్థము. నడుపువారు ఏ మతస్థులైనను సరియే. హిందీ పత్రికల వివాహ ప్రకటనలలో కన్యకు అది యోగ్యతగా పేర్కొనబడినది. మతము జారిపోయినది, మఠము జారిపోయినది, ఇంగ్లీషు మాత్రము మిగిలినది.

తెలుగు వెనుకబడిన దోషమును గురువులపై మోపుట న్యాయము కాదు. పల్లెలలో ప్రబోధించుటకు వారు తెలుగు నేర్చిరి. తెలుగు తెలిసిన తండ్రులే ఇంగ్లీషు కొరకు పిల్లలను బడిమెట్లు ఎక్కించిరి. కాని జీతము కట్టలేని తండ్రి మాట యేమి? అతడును అదే కోరెను. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ఒకటి నుండి ఆరు తరగతులకు ఆంగ్లమాధ్యమమును నిర్ణయించినది. బడులలో తెలుగు నిలువవలెనని కొందరు, పేదల పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు కాదని కొందరు తీవ్రముగా వాదించిరి. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము ఆ ఉత్తరువులను కొట్టివేసినది. అదే సంవత్సరము జనవరిలో చట్టసభలలో ఆంగ్లో-ఇండియన్ల నియామక స్థానములు అంతరించినవి.