సీతమ్మవారి ఫలానిది ఏ ఊరు?

పెరట్లో ఉన్న సీతాఫలాన్ని అమెరికా చెట్టన్నానని మా అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. వనవాసంలో సీతమ్మ తిన్న పండట. సాక్ష్యానికి పక్కింట్లో రామాఫలం కూడా ఉందాయె!

అమ్మ ఒంటరేం కాదు లెండి. 19వ శతాబ్దంలో పురావస్తు శాఖ పెద్ద అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ కూడా క్రీ.పూ. 2వ శతాబ్దపు భార్హుత్ స్తూపం శిల్పాల్లో ఈ పండుందన్నాడు. రాతి మీద బొడిపెలున్న ప్రతి పండూ సీతాఫలమేనా? పనసెందుకు కాకూడదు? సీతా, రామా ఫలాల పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలమే. 1492 తర్వాత ఓడలెక్కి వచ్చాయి. జామ, బొప్పాయి, సపోటా, జీడిమామిడిదీ అదే దారి. వాటన్నిటినీ పీకేస్తే పెరట్లో మిగిలేది మామిడి, పనస, నేరేడు లాంటివే.

ఇంతకీ నా గొడవ చరిత్ర కాదు, కాపు. పోయినేడు చెట్టునిండా పూత, కాయలు నాలుగు. ఈ పువ్వు ముందు ఆడది, తర్వాత మగది. పుప్పొడి రాలేసరికి దాని కీలాగ్రం ఎండిపోతుంది. ఒక పువ్వు నుంచి ఇంకోదానికి పుప్పొడి మోసేవి చిన్న చిన్న పెంకుపురుగులు. అవి రాకపోతే ఆ డ్యూటీ మనదే. ఈ వేసవిలో పొద్దున్నే బాగా విచ్చిన పువ్వుల పుప్పొడి అగ్గిపెట్టెలో దులిపి, సగం విచ్చిన పువ్వుల్లో బ్రష్షుతో అద్దాను. ఇరవై కాయలు దాటాయి.

అన్నట్టు, మహారాష్ట్ర తోటల్లోనూ పెంచే ఒక రకం పేరు బాలానగర్. మన పాలమూరు బాలానగరే! అది చెప్పాక అమ్మ మాట్లాడింది.