నాన్సెన్ కాగితం

శరణార్థి అనగానే మనకి గుర్తొచ్చేవి గుడారాలు, అన్నం పొట్లాలు, దుప్పట్లు. నన్నడిగితే వీటితోపాటు, ఒక్కోసారి వీటికన్నా ముందు, కావల్సింది కాగితం. వీసా స్టాంపింగు కోసం కాన్సులేటు ముందు నించున్న మనవాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మన చేతిలో పాస్‌పోర్టు ఉంటుంది, వీసా రాకపోతే తిరిగెళ్ళడానికి ఇల్లుంటుంది. ఆ రెండూ లేనివాళ్ళ సంగతి?

1920 నవంబరులో రష్యా అంతర్యుద్ధంలో ఓడిపోయిన శ్వేత సైనికులు, వాళ్ళ కుటుంబాలు కలిపి సుమారు లక్షన్నర మంది క్రిమియాలో ఓడలెక్కి కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) వైపు వచ్చిపడ్డారు. మరుసటి ఏడాది డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం ఇలా దేశం వదిలిపోయినవాళ్ళ పౌరసత్వం రద్దు చేసేసింది. ఇక చూడండి. బతకాలంటే పని దొరికే దేశం వెళ్ళాలి. వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు కావాలంటే మనకంటూ ఒక దేశం ఉండాలి. మన భాషలో చెప్పాలంటే డెడ్‌లాక్.

దీన్ని విప్పే పని 1921లో నానాజాతి సమితి ఫ్రిట్యాఫ్ నాన్సెన్‌కి అప్పగించింది. నార్వే మనిషి. గ్రీన్‌లాండ్‌ని స్కీల మీద అడ్డంగా దాటినవాడు, ఉత్తర ధ్రువం కోసం తన ఓడని కావాలనే మంచులో ఇరికించుకున్నవాడు. ఇలాంటి పనికి అలాంటివాడే కరెక్టు :) సమితి మాత్రం ఆఫీసు ఖర్చులకి తప్ప శరణార్థుల తిండికీ బట్టకీ డబ్బులివ్వనంది.

డబ్బుల్లేని నాన్సెన్ కాగితం మీద పడ్డాడు. 1922 జులైలో జెనీవాలో 16 ప్రభుత్వాల్ని ఒప్పించాడు. శరణార్థి ఏ దేశంలో ఉంటే ఆ దేశమే అతనికో గుర్తింపు పత్రం ఇస్తుంది, మిగతా దేశాలు దాన్ని గుర్తిస్తాయి. అంతే. దానికే నాన్సెన్ పాస్‌పోర్టు అని పేరొచ్చింది. ఏడాదే చెల్లుబాటు. మొదట్లో దాంతో బయటికెళ్తే ఇచ్చిన దేశానికి తిరిగొచ్చే హక్కు కూడా లేదు. ఏ ప్రభుత్వానికీ పెద్దగా బరువు కాదు కాబట్టే అందరూ ఒప్పుకున్నారని నాకనిపిస్తుంది. 1924లో ఆర్మేనియన్లకీ ఇచ్చారు, ఒప్పుకున్న దేశాలు క్రమంగా 50 దాటాయి.

స్ట్రావిన్‌స్కీ, నబొకొవ్, షగాల్ లాంటి పెద్దవాళ్ళు దీనిమీద తిరిగారని అందరూ రాస్తారు. నాకు ఆసక్తిగా అనిపించేది పేరులేనివాళ్ళ కథ. బాల్కన్ దేశాల్లో రష్యన్లకి పని లేదు. యుద్ధంలో లక్షలమంది కుర్రాళ్ళని పోగొట్టుకున్న ఫ్రాన్సులో గనులకీ ఫ్యాక్టరీలకీ మనుషుల్లేరు. ఈ రెండిటినీ కలిపే పని 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేతికొచ్చింది. ఒక రకంగా కన్సల్టెన్సీ అనుకోండి, కమిషన్ లేకుండా. నిన్నటి సైనికాధికారులు పారిస్‌లో టాక్సీలు నడిపారు, కార్ల ఫ్యాక్టరీల్లో చేరారు. కాగితం లేకపోతే సరిహద్దు దగ్గరే ఆగిపోయేవాళ్ళు.

1926లో స్టాంపు పెట్టారు, 5 బంగారు ఫ్రాంకులు. స్తోమతు ఉన్నవాడు కొనుక్కుని పత్రం మీద అంటించుకోవాలి, లేనివాడికి ఉచితం. ఆ డబ్బు తోటి శరణార్థుల సాయానికి వెళ్ళేది. ఈ ఏర్పాటంతటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇప్పుడు మన హైదరాబాదుకి రండి. బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల్లో చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డుంది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. అందుకని ఆ కార్డుకి చట్టం దన్ను లేదు. ఆధార్ అడిగే ప్రతిచోటా, అంటే సిమ్‌ కార్డు దగ్గర్నించి బ్యాంకు ఖాతా దాకా, కౌంటర్లో కూర్చున్నవాడి దయ. నాన్సెన్ కాగితం వెనక ప్రభుత్వాలున్నాయి, దీని వెనక ఉన్నది ఒక సంస్థ. తేడా అదీ.

పోనీ మనవాళ్ళకి ఈ పద్ధతి కొత్తా అంటే అదీ కాదు. 1959 తరవాత వచ్చిన టిబెటన్లకి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టూ, విదేశాలకెళ్ళడానికి పసుపుపచ్చ అట్ట పుస్తకమూ ఇస్తూ వస్తున్నది మన ప్రభుత్వమే.